ఊదారంగు జలుబు

నేను వ్యాను నడుపుతాను. పొద్దున్నే ఆరోగ్య కేంద్రంలో టీకాల పెట్టె ఎక్కించుకుని, సిస్టరమ్మ ఏ వీధి అంటే ఆ వీధికి పోతాను. పెట్టెలో మంచు ప్యాకులు, వాటి మధ్య మందు సీసాలు. దారిలో గుంట కనబడితే స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి పెట్టె మీద వేస్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. మాట్లాడడం సిస్టరమ్మ పని, నాది కాదు.

ఇంట్లోనూ అంతే. మా ఆవిడ మాట్లాడుతుంది, నేను తలూపుతాను. అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఆ రోజు మేం వెళ్లవలసింది మా అమ్మాయి అత్తగారి వీధికి.

మా వియ్యపురాలికి లాండ్రీ ఉంది. పొడుగాటి రేకుల షెడ్డు. ఆ చివర ఆవిరి బాయిలరు, మధ్యలో ఉతికే తొట్లు, ఈ చివర ఇస్త్రీ బల్లలు. హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల తెల్లకోట్లు అన్నీ అక్కడికే వస్తాయి. వీధిలో సగం మంది ఆడవాళ్లు అందులోనే పనిచేస్తారు. ఆవిణ్ణి అందరూ మరకల పెద్దమ్మ అంటారు. మరక చూసి అది దేనిదో, ఎన్నాళ్లదో, ఎవరి చేతిదో చెప్పేస్తుంది. ఒకసారి ఒక డాక్టరు కోటు జేబు చూసి, "ఈయన పెన్నుకి మూత పెట్టడు, ఎడమచేత్తో రాస్తాడు, ఇంట్లో పిల్లి ఉంది" అందట. మూడూ నిజమేనట. పెళ్లినాడు మా ఆవిడ భుజం కేసి చూసి, నలుగురిలో, "మొన్నటి టీ కదూ వదినగారూ?" అంది. అదీ నిజమే. అందుకే ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు.

అమ్మాయికి ఏడో నెల. ఫ్లూ రోజులు మొదలయ్యాయి. సిస్టరమ్మ రాసుకున్న లిస్టులో మొదటి పేరు అమ్మాయిదే. అత్తగారు వద్దంది. ఒకటే మాట. "పోయినేడు నా కొడుకు సూది వేయించుకున్నాడు. మూడో రోజుకి మంచమెక్కాడు. సూది వల్లే జబ్బొచ్చింది. నా కళ్లతో చూశాను."

ఆ కళ్లు చూశానన్నాక ఆ వీధిలో ఇంకెవరూ ఎదురు చెప్పరు. అత్తగారు వద్దంటే మిగతా తల్లులూ వద్దన్నారు. పోయిన నెల సిస్టరమ్మ పెట్టె ఎలా తీసుకెళ్లిందో అలాగే తెచ్చింది.

ముందురోజు అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, నీ మాటంటే అత్తయ్యకి గౌరవం. ఒక్కసారి చెప్పు."

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే చెప్తావా, చెప్పవా?"

"ఊఁ."

అమ్మాయి ఫోను పెట్టేసింది. దానికి తెలియనిది ఒకటుంది. అది కడుపులో ఉన్నప్పుడు వాళ్లమ్మకి ఫ్లూ వచ్చింది. పదహారు రోజులు ఆస్పత్రి. నేను వరండాలో ఒక బల్ల మీద కూర్చున్నాను. ఆ బల్లకి ముప్పై ఒక్క మేకులు. ఒకటి కొంచెం పైకి లేచి ఉంటుంది. ఆ పదహారు రోజుల గురించి మా ఆవిడా మాట్లాడదు, నేనూ మాట్లాడను. ఆవిడ మాట్లాడని సంగతి ప్రపంచంలో అదొక్కటే.

ఆ రోజు కాకపోతే మళ్లీ మూడు వారాల దాకా ఆ వీధి వంతు రాదు.

పొద్దున సిస్టరమ్మ మంచి హుషారుగా ఉంది. ముప్పయ్యేళ్ల పిల్ల. నడుస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ మెట్లెక్కుతుంది, ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటుందో కనిపెట్టడం కష్టం.

"బాబాయ్, ఇవాళ చార్టు లేదు. పోయిన వీధిలో చార్టు తిప్పుతుంటే మూడో బొమ్మకి పదకొండు మంది నిద్ర. పన్నెండో ఆవిడ కళ్లు తెరుచుకునే నిద్రపోయింది. ఇవాళ ఆట. ఇదిగో పౌడరు డబ్బా. ఇదిగో మిఠాయిల్లో వేసే ఊదారంగు పొడి. ఇది పొడిగా ఉంటే ఉన్నట్టే తెలీదు, తడి తగిలిందా ఊదాగా పొంగుతుంది. పౌడర్లో కలపండి" అని చెప్పి, ఫోను మోగితే లోపలికి పరిగెత్తింది.

ఎంత కలపాలో చెప్పలేదు. నేను అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు. రంగు ప్యాకెట్టు ఒకటి ఉంది, డబ్బా ఒకటి ఉంది. ఒకటికి ఒకటి అనుకున్నాను. ప్యాకెట్టు మొత్తం గుమ్మరించి, చేత్తో బాగా కలిపి, మూత పెట్టి, చేతులు ప్యాంటుకి దులుపుకున్నాను. చేతులు శుభ్రంగానే కనబడ్డాయి.

లాండ్రీ గేటు బయట వ్యాను ఆపగానే బటన్ల పిన్ని వచ్చి వెనక తలుపు తీసి ఎక్కింది. ఊడిపోయిన గుండీలు కుట్టడం ఆవిడ పని. రహస్యమంటే ప్రాణం. సిస్టరమ్మ ఆవిడ అరచేతులకి పౌడరు రాసింది.

"పిన్నీ, ఇప్పుడు మీకు ఫ్లూ వచ్చిందనుకోండి. ఎవరికీ చెప్పకండి. లోపలికి వెళ్లి అందరినీ పలకరించండి. పిల్లల్ని ఎత్తుకోండి. అరగంటయ్యాక అందరి చేతులూ తడిగుడ్డతో తుడిపిస్తా. ఎవరికి ఊదా తేలితే వాళ్లకి మీ జలుబు అంటినట్టు."

"దగ్గనా?"

"దగ్గొద్దు."

"ఒక్కటంటే ఒక్కటి? సన్నగా?"

"వద్దు పిన్నీ!"

"పోనీ నీరసంగా నడవనా?"

సిస్టరమ్మ ఆవిణ్ణి దింపేసి తలుపు వేసింది. పిన్ని నీరసంగానే నడుచుకుంటూ వెళ్లింది.

నేను పెట్టె భుజాన వేసుకుని గేటు గడియ తీశాను. వియ్యపురాలు ఎదురొచ్చింది. మెడలో దారానికి వేలాడే కళ్లజోడు, మోచేతుల దాకా మడిచిన జాకెట్టు చేతులు. కుడిచేతి చిటికెన వేలు వంకర, ఎప్పుడో బాయిలరు మూత పడి అలా అయింది.

"రండి అన్నయ్యగారూ, రండి. పెట్టె తెచ్చారా? మళ్లీ అలాగే తీసుకెళ్దురుగాని. ముందు టీ తాగండి."

టీ తాగి గ్లాసు ఆవిడ చేతికిచ్చాను. తల్లులు కూర్చోవడానికి బల్ల ఖాళీ చెయ్యమంటే, దాని మీది గలీబుల దొంతర ఎత్తి పక్కన పెట్టాను. కవలల తల్లి ఒక బిడ్డని నా చేతుల్లో పెట్టి, "కాస్త పట్టుకోండి బాబాయ్, రెండోదాని ముక్కు తుడవాలి" అంది. బిడ్డ నా వేలు పట్టుకుని వదల్లేదు. బిస్కెట్ల పళ్లెం అందరికీ తిప్పమంటే తిప్పాను. అల్లుడు బాయిలరు దగ్గర నుంచి వచ్చి, "బాగున్నారా మావయ్యా" అని చెయ్యి కలిపి, తిరిగి బాయిలరు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి కడుక్కోవాలన్న ఆలోచన నాకు రాలేదు. జబ్బు మనిషి బటన్ల పిన్ని కదా.

అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. లేత పసుపు గౌనులో పొట్ట ముందుకొచ్చి కనబడుతోంది. కళ్లతో సైగ చేసింది. చెప్పు.

నేను గొంతు సవరించుకున్నాను.

"ఏంటన్నయ్యగారూ, గొంతు బాలేదా?" అంది వియ్యపురాలు.

"బాగుంది" అన్నాను.

అమ్మాయి నుదురు కొట్టుకుంది.

వియ్యపురాలు ఖాళీ గ్లాసు కింద పెట్టి, కోడలి పొట్ట మీద అరచెయ్యి వేసింది. "లోపల ఉన్నది ఎవరైనా సరే, బాయిలరు కూత పెట్టినప్పుడల్లా ఎగురుతోంది. లాండ్రీ రక్తం!" అంది. ముఖమంతా నవ్వు. కోడలంటే ఆవిడకి ప్రేమ లేక కాదు సుమా. ఆ ప్రేమతోనే అడ్డం పడింది.

అంతా కూర్చున్నారు. ఇరవై మంది దాకా తల్లులు, ఒళ్లో పిల్లలు. చుట్టూ తీగల మీద సాయంత్రానికి హోటలుకి పోవలసిన తెల్ల దుప్పట్లు. సిస్టరమ్మ మొదలుపెట్టింది.

"ఫ్లూ అంటే మామూలు జలుబు కాదమ్మా. కడుపుతో ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి, పెద్దవాళ్లకి గట్టిగా పట్టేస్తుంది. అంటించేవాళ్లకి తాము అంటిస్తున్నట్టు తెలీదు..."

"తెలీకపోవడమేంటి?" అంది వియ్యపురాలు నిలబడే. "ముక్కు కారుతుంటే తెలీదా? దగ్గేవాణ్ణి నా గడప తొక్కనివ్వను. అంతే. దానికి సూదెందుకు?"

"పెద్దమ్మా, దగ్గులో తుమ్ములో తుంపర్లు పడతాయి, చేతులకి అంటుతాయి..."

"చేతులకి అంటితే నాకు కనబడదా? నా కళ్లకి!"

తల్లులందరూ తలలూపారు. కవలల తల్లి అయితే రెండు తలలు పట్టుకుని మరీ ఊపింది. బటన్ల పిన్ని ఎవరూ చూడకుండా సన్నగా ఒక దగ్గు దగ్గేసింది.

సిస్టరమ్మ తడిగుడ్డ కోసం సంచీలో చెయ్యి పెట్టింది. సరిగ్గా అప్పుడే పదకొండు అయింది. పదకొండింటికి దుప్పట్లకి ఆవిరి పట్టాలి. మా అల్లుడు పనిమంతుడు. బడి గంటలాంటి మనిషి, టైము దాటనివ్వడు. మీటింగు ఉందని గుర్తు పెట్టుకోకుండా బాయిలరు చక్రం తిప్పేశాడు.

ఆవిరి బుస్సుమని వచ్చింది. షెడ్డంతా తెల్లబడింది. ఎవరి చెయ్యి వాళ్లకే కనబడలేదు. పిల్లలు కేరింతలు. "వీడి టైము పాడుగాను! కట్టెయ్యరా!" అని వాళ్లమ్మ కేక.

చక్రం కట్టేశాడు. ఆవిరి మెల్లిగా పైకి లేచింది. ముందు కాళ్లు కనబడ్డాయి, తర్వాత ఒళ్లు, తర్వాత ముఖాలు.

ముఖాలన్నీ ఊదారంగు.

కవలల తల్లికి ముక్కు కొస ఊదా. కవలల్లో ఒకదానికి రెండు బుగ్గలూ, రెండోదానికి ఒక చెవి. ఇస్త్రీ అక్కకి నుదుటి మీద నాలుగు వేళ్లు. ఒకావిడకి పెదాల చుట్టూ బిస్కెట్టు తిన్నంత మేర గుండ్రంగా ఊదా. గలీబుల దొంతర మీద రెండు అరచేతులు, పళ్లెం అంచున, గేటు గడియ మీద, టీ గ్లాసుల మీద, తెల్ల దుప్పట్ల మీద. మా అల్లుడు బాయిలరు చక్రం పట్టుకుని నిలబడ్డాడు. చక్రం ఊదా, చేతులు ఊదా, చెమట తుడుచుకున్నాడు కాబోలు, మీసం కూడా ఊదాయే.

కవలల తల్లి ఇస్త్రీ అక్కని చూసింది. ఇస్త్రీ అక్క కవలల తల్లిని చూసింది.

"నీ ముక్కేంటే?"

"నా ముక్కు సంగతి తర్వాత, నీ నుదురేంటే!"

ఇంక పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఒకావిడ నవ్వి నవ్వి బల్ల మీద నుంచి జారింది. ఆవిణ్ణి లేపబోయిన ఆవిడ చెయ్యి తగిలి, ఆవిడకీ అంటింది. పిల్లలు ఒకళ్ల బుగ్గలు ఒకళ్లు పట్టుకుని చూసుకుంటున్నారు. సిస్టరమ్మ నోరు తెరిచి నిలబడింది. "ఇంత ఎలా వచ్చింది? చిటికెడు కదా కలిపింది?" అని నాకేసి చూసింది. నేను పైకప్పు కేసి చూశాను.

"ఎవరూ కదలొద్దు!" అంది వియ్యపురాలు.

కదలడం ఆగింది. నవ్వులు మాత్రం ముక్కుల్లోంచి వస్తూనే ఉన్నాయి.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. అప్పటిదాకా అరిచిన మనిషి, జోడు పెట్టుకున్నాక గొంతు తగ్గించింది. పనిలో దిగితే ఆవిడ అంతే. "వేడి తగలనివ్వకండి. వేడి తగిలితే రంగు పట్టేస్తుంది. చల్లనీళ్లలో అయితే పోతుంది. ముందు ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. మొదటి చెయ్యి ముదురుగా పడుతుంది, రెండోది లేతగా, మూడోది పలచన. పలచన నుంచి ముదురుకి పోతే దొంగ దొరుకుతాడు."

బయలుదేరింది. ఒక్కొక్క ముఖం గడ్డం పట్టుకుని తిప్పి చూస్తోంది. వెనకాల ఇరవై మంది తల్లులు, చంకల్లో పిల్లలు, ఊరేగింపు. చివర సిస్టరమ్మ, చేతిలో తడిగుడ్డ, దాని పని లేకుండానే.

"దీని నుదురు పలచన. నువ్వు ఎవర్ని ముట్టుకున్నావు?"

"ఎవర్నీ ముట్టుకోలేదు పెద్దమ్మా. బిస్కెట్టు తీసుకున్నా, జుట్టు సర్దుకున్నా."

"బిస్కెట్టు పళ్లెం. ఊఁ. పళ్లెం అంచు కొంచెం ముదురు. నీ ముక్కు? ఇది చిన్న చెయ్యి. నీ బిడ్డ పట్టుకుంది. బిడ్డ చెయ్యి చూడనీ. ముదురు. బిడ్డని ఎవరెత్తుకున్నారు?"

సిస్టరమ్మ ఇక ఉండలేకపోయింది. "పెద్దమ్మా, నేనే చెప్పేస్తాను. ఇది నా ఆట. జబ్బు మనిషి బటన్ల పిన్ని. పౌడరు ఆవిడ చేతులకి రాశాను."

అందరూ పిన్ని కేసి తిరిగారు. పిన్ని గర్వంగా రెండు చేతులూ చాపింది.

తెల్లగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో కూడా చుక్క లేదు.

"నేను రాసిన పౌడరేది పిన్నీ?" అంది సిస్టరమ్మ.

"కడిగేసుకున్నాను."

"కడిగేసుకున్నారా!"

"మీరే కదమ్మా పోయిన నెల చెప్పారు? లోపలికి వెళ్లేముందు సబ్బుతో కడుక్కోమని, ఇరవై అంకెలు లెక్కపెట్టమని. గేటు పక్క కుళాయి దగ్గర ఇరవై లెక్కపెట్టాను. నాకు లెక్క సరిగ్గా రాదని ముప్పై పెట్టాను. చెప్పిన మాట వింటే కూడా తప్పేనా?"

షెడ్డు రేకులు ఎగిరిపోయేంత నవ్వారు. సిస్టరమ్మ నవ్వుతూనే పిన్నిని కౌగిలించుకుంది. "తప్పు కాదు పిన్నీ, ఇంతమందిలో మీ ఒక్కరి దగ్గరే జబ్బు ఆగిపోయింది!"

వియ్యపురాలు మాత్రం నవ్వలేదు. ఆవిడ అప్పుడే గేటు గడియ దగ్గరికి వెళ్లి చూసి వచ్చింది. గలీబుల మీది అరచేతుల పక్కన తన చెయ్యి పెట్టి కొలుచుకుంది. "మగచెయ్యి. పెద్దది. బొటనవేలి కింద కాయ. స్టీరింగు పట్టే చెయ్యి." మెల్లిగా తిరిగింది.

నేను నిలబడ్డచోటే ఉన్నాను. ప్యాంటుకి రెండు పక్కలా చేతులు దులుపుకున్నచోట, చెరో వంకాయంత ఊదా మరక.

"అన్నయ్యగారూ! మీరా?"

"ఊఁ" అన్నాను.

"దగ్గలేదు, తుమ్మలేదు, ఇంతసేపూ మాట కూడా మాట్లాడలేదు కదర్రా ఈయన! వచ్చి టీ తాగి నిలబడ్డాడు. అంతే. షెడ్డంతా అంటించేశాడు!"

"అదే పెద్దమ్మా!" అంది సిస్టరమ్మ. గొంతు కీచుమంది. "అచ్చం అలాగే. ఫ్లూ ఉన్నవాళ్లు దగ్గు మొదలవడానికి ఒకరోజు ముందు నుంచే అంటించగలరు. చూడ్డానికి బాగానే ఉంటారు. మీరు గడప దగ్గర ఆపేది దగ్గేవాళ్లని. బాబాయ్ లాంటివాళ్లని ఎలా ఆపుతారు?"

వియ్యపురాలు కొడుకు కేసి చూసింది. వాడి ఊదా మీసం కేసి చూసింది. "పోయినేడు వీడు సూది వేయించుకున్న రోజు..." అని ఆగింది. "ఆ రోజు ఎవరెవరు వచ్చారు ఇక్కడికి?"

"హోటలు వాళ్ల లెక్కల మనిషి వచ్చాడమ్మా" అన్నాడు అల్లుడు. "నా పక్కనే కూర్చుని గంటసేపు దుప్పట్లు లెక్కపెట్టాడు. మర్నాడు ఆయనకీ జ్వరమే."

"సూది పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది పెద్దమ్మా" అంది సిస్టరమ్మ. "ఈయన దగ్గరికి జబ్బు ముందే వచ్చి కూర్చుంది. సూదిలో జబ్బుని పుట్టించేది ఏమీ లేదు. చెయ్యి నొప్పి పుట్టచ్చు, ఒళ్లు కాస్త వెచ్చబడచ్చు, అంతే. వేయించుకున్నాక ఒక్కోసారి ఫ్లూ రాదని కూడా చెప్పను. వచ్చినా మనిషిని పడెయ్యకుండా చూస్తుంది."

"రెండు వారాలా" అంది వియ్యపురాలు. "గంజిలాగన్నమాట. గంజిలో ముంచి తీసిన చొక్కా అప్పుడే నిలబడుతుందా? ఆరాలి. తడిచొక్కా తొడుక్కుని, ఇది నిలబడలేదేంటి, గంజి మంచిది కాదు అంటే..." తనలో తనే తలూపుకుంది.

ఆవిడ అక్కడితో ఆగిపోయేదేమో తెలీదు. కాని మరక వెతకడం మొదలుపెట్టిన మనిషి చివరిదాకా వెతుకుతుంది. ఇంకా ఎక్కడెక్కడ పడిందో చూద్దామని తిరిగింది. ఎదురుగా కోడలు.

పసుపు గౌను మీద, సరిగ్గా పొట్ట మీద, ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ తేటగా ఉన్నాయి. చిటికెన వేలు వంకర.

వియ్యపురాలు తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. మళ్లీ గౌను కేసి చూసింది. ఎవరి చెయ్యో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వంకర చిటికెన వేళ్లు ఆ వీధిలో ఒకటే.

"గడియ... అన్నయ్యగారు... గ్లాసు... నేను" అంది చిన్నగా. నాలుగు మెట్లకీ నాలుగు వేళ్లు మడిచింది.

షెడ్డులో బాయిలరు సన్నగా కూస్తోంది, అంతే. పొట్ట మీది ఊదా చెయ్యి ఒక్కసారి ఎగిరింది. లోపలి నుంచి తన్ను.

అమ్మాయి నాకేసి చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేవాణ్ణి కాదేమో.

"చెల్లెమ్మగారూ" అన్నాను.

అందరూ నాకేసి తిరిగారు. సిస్టరమ్మ కూడా. తొమ్మిదేళ్లలో నేను నా అంతట నేను మాట మొదలుపెట్టడం ఆవిడ చూడలేదు.

"ఇది కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెలలోనే, వాళ్లమ్మకి ఫ్లూ వచ్చింది. అప్పుడు మా వైపు ఈ సూది లేదు. పదహారు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇద్దర్లో ఎవరో ఒకరే మిగులుతారు, ఇంట్లో చెప్పుకోండి అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని మేకులు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. రోజూ లెక్కపెట్టాను, రోజూ ముప్పై ఒకటే. పదిహేడో రోజు ఇద్దరూ మిగిలారు." ఊపిరి పీల్చుకున్నాను. "మీ అబ్బాయి ఆ బల్ల మీద కూర్చోకూడదు. అంతే."

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతికి కూడా ఊదా ఉంది, నోటికి అంటింది.

"ఇన్నాళ్లూ చెప్పరేం అన్నయ్యగారూ?" అంది వియ్యపురాలు. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడిచిన చోటల్లా ఊదా అయింది.

"మీరు అడగలేదు."

ఆవిడ నవ్వింది. ఏడుపూ అదే, నవ్వూ అదే. తర్వాత షెడ్డు మొత్తం వినబడేలా గొంతెత్తింది. "ఏంటలా చూస్తున్నారు? కుళాయిల దగ్గరికి పదండి! సబ్బు! కాలరు ఉతికినట్టు ఉతకాలి, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు! పిల్లల చేతులు మీరు కడగండి! ఎవరికైనా ఊదా మిగిలిందా, తొట్లో వేసి తొక్కేస్తాను! పిన్నీ, నువ్వు అంకెలు లెక్కపెట్టు!"

పిన్ని లెక్కపెట్టింది. పదమూడు తర్వాత పదకొండు వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. కుళాయిల కింద నీళ్లు ఊదాగా, తర్వాత లేతగా, తర్వాత తెల్లగా పారాయి.

సిస్టరమ్మ బల్ల మీద పెట్టె తెరిచింది. "ఎవరు ముందు?"

"మరక ఎక్కడ మొదలైందో అక్కణ్ణుంచే ఉతకాలి" అంది వియ్యపురాలు. "అన్నయ్యగారు ముందు."

"బాబాయ్‌కి ఎప్పుడో వేసేసి ఉంటాం పెద్దమ్మా, తొమ్మిదేళ్లుగా పెట్టె మోస్తున్నారు" అంటూ సిస్టరమ్మ రిజిస్టరు తిప్పింది. తిప్పింది. మళ్లీ మొదటికొచ్చింది. "బాబాయ్? మీ పేరేది?"

"లేదు."

"తొమ్మిదేళ్లు నా పక్కన కూర్చుని ఒక్కసారి కూడా వేయించుకోలేదా? అడగలేదేం!"

నిజం చెప్పాలంటే, పెట్టె మొయ్యడం వేరు, పెట్టెలోది ఒంట్లోకి రావడం వేరు. సూది బయటికి తీస్తే నేను వ్యాను తుడవడానికి పోతాను. మొయ్యగలను, చూడలేను.

"మావయ్యా, మీసాలు వణుకుతున్నాయి" అన్నాడు అల్లుడు, ఊదా మీసం కింద నుంచి.

"చొక్కా మడవండి అన్నయ్యగారూ. నేను పట్టుకుంటాను" అని వియ్యపురాలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. దుప్పటి పిండే పట్టు అది. "అటు చూడండి. ఆ తీగ మీద ఎన్ని దుప్పట్లున్నాయో లెక్కపెట్టండి."

పద్నాలుగు దాకా వచ్చాను.

"అయిపోయింది" అంది సిస్టరమ్మ.

"అప్పుడేనా?" అన్నాను. తల్లులు చప్పట్లు కొట్టారు. కవలల్లో ఒకటి నా ముక్కు పట్టుకుంది. కడిగిన చెయ్యే.

తర్వాత వియ్యపురాలు. సూది గుచ్చుతుంటే కళ్లు తిప్పకుండా చూసింది. "నెత్తురు చుక్క సన్నది, చల్లనీళ్లకి పోతుంది" అని తీర్పు చెప్పి లేచింది. తర్వాత అమ్మాయి. అత్తగారు కుర్చీ వెనక నిలబడి భుజాలు పట్టుకుంది. నేను పక్కన నిలబడ్డాను. ఈసారి దుప్పట్లు లెక్కపెట్టలేదు. సూది లోపలికి వెళ్లడం, బయటికి రావడం, దూది పెట్టడం, అన్నీ చూశాను.

మధ్యాహ్నం మూడింటికి పెట్టెలో మంచు తప్ప ఏమీ లేదు. సిస్టరమ్మ ఇంకో పెట్టె కోసం ఫోను చేసింది.

దుప్పట్లు ఉతికి ఆరేసేసరికి సాయంత్రమైంది. ఒక్క పసుపు గౌను మాత్రం వియ్యపురాలు ఉతకనివ్వలేదు. మడిచి అలమారులో పెట్టింది. "బిడ్డ పుట్టాక చూపిస్తాను, వాళ్ల తాత ఎంత పని చేశాడో" అంది. బయలుదేరేటప్పుడు గేటు దాకా వచ్చింది. "వచ్చే వంతుకి వదినగారిని తీసుకురండి. ఆవిడకీ వేయించాలి. మరక గురించి మాట్లాడనని చెప్పండి." గేటు వేసి, మళ్లీ తీసింది. "ప్రయత్నిస్తానని చెప్పండి."

మర్నాడు పొద్దున ఇంకో వీధికి వెళ్లాలి. సిస్టరమ్మ పౌడరు డబ్బా, కొత్త రంగు ప్యాకెట్టు నా ముందు పెట్టింది.

"ఎంత కలపమంటారు?" అన్నాను.

సిస్టరమ్మ నన్నే చూస్తూ ఉండిపోయింది. "అడిగారా బాబాయ్? చిటికెడు. చిటికెడంటే చిటికెడు."

బయటికి వచ్చి చూస్తే వ్యాను ముందు సీట్లో మా వియ్యపురాలు కూర్చుని ఉంది. కళ్లజోడు అప్పుడే పెట్టేసుకుంది. "మరక ఎలా వెతకాలో ఈ పిల్లకేం తెలుసు? నేను చెప్తాను పదండి. బాయిలరు మా అబ్బాయి చూసుకుంటాడు" అంది. సిస్టరమ్మ వెనక ఎక్కింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. నాకు హాయిగా ఉంది.

మలుపు తిరిగాక గుంట వచ్చింది. నేను స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసేలోపే పెట్టె మీద ఒక చెయ్యి పడింది. గోళ్ల అంచున ఇంకా కాస్త ఊదా. చిటికెన వేలు వంకర.